తలుపు తీసే ఆవిడ

మా కెల్లీవిల్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టినప్పుడల్లా 'అవును', 'కాదు' అనే రెండింటి కింద 'మేబీ' అని మూడోది ఒకటి పెడతారు. దాన్ని తీసేయాలని నా చిరకాల విన్నపం. పోయిన ఏడాది పార్కులో పెట్టుకున్న ఉగాది భోజనాలకి ప్లేట్లు లెక్కపెట్టే పని నామీద పడింది. 'అవును' నొక్కినవాళ్లలో సగం మంది రాలేదు. పిల్లవాడికి క్రికెట్ ఉందని వాళ్లకి ఆ ఉదయమే తెలిసిందట. 'కాదు' నొక్కినవాళ్లు ఇండియా నుంచి దిగిన అత్తమామలతో సహా వచ్చారు. 'మేబీ' వాళ్లు మాత్రం ఒక్కరు కూడా తప్పకుండా మొదటి బంతికే వచ్చి కూర్చున్నారు. పులిహోర చాలలేదు.

ఈ ఏడాది పోల్ ఒక బుధవారం మధ్యాహ్నం వచ్చింది. ఆఫీసులో ఒక మీటింగుకీ ఇంకో మీటింగుకీ మధ్య ఉన్నాను. ఆ మూడు బటన్లనీ కాసేపు చూసి, 'మేబీ' నొక్కాను. ఫోను జేబులో పెట్టుకోబోతుంటే ఈమెయిల్ వచ్చింది. ఆదివారాలు నేను వెళ్లే క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల మీటింగు నుంచి. అక్కడ తలుపు తీసే ఆవిడ పోయిందని.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాల్సిందేమీ లేదు. ఆరేళ్లలో ఆ పేరు పెట్టి నేను ఒక్కసారి కూడా పిలవలేదు, ఇప్పుడు మొదలుపెడితే బావుండదు. క్వేకర్లలో సార్లు, మేడమ్‌లు, మిసెస్‌లు ఉండవు. ఎనభై దాటిన మనిషినైనా ఉత్త పేరుతో పిలవాల్సిందే. తెనాలిలో పెరిగినవాడికి అది చేతనయ్యే పని కాదు. మొదట్లో 'ఆంటీ' అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, "నేను నీకు ఆంటీని కాదు. నాకు నలుగురు మేనల్లుళ్లున్నారు. వాళ్లు చాలు," అంది. ఆ తర్వాత ఆరేళ్లూ 'ఎక్స్‌క్యూజ్ మీ'తో నెట్టుకొచ్చాను, లేదా ఎదురుగా వెళ్లి నిలబడి దగ్గేవాణ్ణి. ఒకసారి ఆవిడ నాకు మంచి ఊపిరితిత్తుల డాక్టరు ఫోన్ నెంబరు కాగితం మీద రాసిచ్చింది.

అసలు నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది బాత్రూం కోసం.

మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు మంచి మార్కులవాళ్లనే చేర్చుకునే సెలెక్టివ్ స్కూలు పరీక్ష కోసమని ఆదివారాలు ట్యూషన్‌కి తీసుకెళ్లేవాణ్ణి. నలభై నిమిషాల దూరం. దింపి ఇంటికొస్తే చెప్పులు విప్పేలోపు మళ్లీ బయల్దేరాలి. అందుకని కారులోనే కూర్చునేవాణ్ణి. ఒకరోజు రెండు కాఫీలు తాగడంతో అవసరం పడింది. రైల్వేస్టేషన్ వెనక సందులో, పాతకాలం పళ్ల డాక్టరు ఇల్లులాంటి ఎర్ర ఇటుకల కట్టడం ఒకటుంది. బయట బోర్డు మీద 'అందరికీ స్వాగతం' అని రాసి ఉంది. అందరిలో నేనూ ఒకణ్ణి కదా అని మెట్లెక్కాను.

తలుపు దగ్గర ఆవిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి. మోచేతుల దగ్గర తోలుముక్కలు కుట్టిన మగవాళ్ల కార్డిగన్. వాచీ ముంజేతికి లోపలివైపు పెట్టుకుంది. నేను గొణిగింది విని, మాట్లాడకుండా కుడివైపు వేలు చూపించింది. పని చూసుకుని బయటికి రాగానే, అదే వేలితో ఎడమవైపు చూపించింది. అటు గదిలో గుండ్రంగా కుర్చీలు, కుర్చీల్లో పదిమందో పదకొండుమందో. ఎవరి బాత్రూమో వాడుకుని మాటా పలుకూ లేకుండా పారిపోవడం మర్యాద కాదనిపించి కూర్చున్నాను.

ఎవరూ ఏమీ చేయడం లేదు. విగ్రహం లేదు, శిలువ లేదు, పాట లేదు, పుస్తకం తెరిచి చదివేవాళ్లు లేరు. ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూశాను. చాలాసేపటికి, అది మొదలై ఇరవై నిమిషాలైందని అర్థమైంది. వాళ్ల ఆరాధన అంటే అదే. గంటసేపు కలిసి మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట పుడితే లేచి నిలబడి చెప్తారు, పుట్టకపోతే లేదు. చివర్లో పక్కవాళ్లతో చేతులు కలుపుతారు, అయిపోయినట్టు. ఆ చివరి సంగతి నాకు ఎలా తెలిసిందంటే, నా చెయ్యి ఎవరో పట్టుకుని ఊపితే మెలకువ వచ్చింది.

"రెండుసార్లు గురక పెట్టావు," అంది ఆవిడ టీ కప్పు అందిస్తూ.

నేను సారీ చెప్పబోయాను.

"పర్లేదు. ఇక్కడ లేచి నిలబడి అంతకంటే అధ్వాన్నంగా చెప్పినవాళ్లున్నారు."

నేను ఒక ప్రభుత్వ శాఖలో ప్రాజెక్టులు నడుపుతాను. నడపడమంటే మాట్లాడటం. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి, ఇదివరకు మాట్లాడినదాని గురించి మాట్లాడి, తర్వాత ఎప్పుడు మాట్లాడాలో మాట్లాడుకుంటాం. శనివారం పుట్టినరోజు పార్టీల్లో ఇళ్ల ధరల గురించి అవే మాటలు వేరే మనుషులతో. ఇరవై ఏళ్లు ఇలా గడిచాక మనిషికి ఒక రకమైన అలసట వస్తుంది. నిద్రతో పోయేది కాదు. ఆ గదిలో నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాతి ఆదివారం కాఫీ తాగకుండానే వెళ్లాను.

మా ఆవిడ రెండు నెలలు చూసి అడిగింది. "ఏవండీ, అక్కడ ఏం చేస్తారు?"

"మాట్లాడకుండా కూర్చుంటాం."

"దానికి నలభై నిమిషాలు డ్రైవింగ్ ఎందుకు? ఇంట్లో మీరు చేసేది అదేగా?"

గ్రూపులో మాత్రం నేను మతం మారానని వార్త పాకింది. ఒకాయన ఫోన్ చేసి కంగారుగా వివరాలడిగాడు. పాస్టరు లేడు, ప్రసంగం లేదు, మా శనివారం గుడికి వాళ్లకి అభ్యంతరం లేదు, అసలు దేనికీ పెద్దగా అభ్యంతరం లేదు అని చెప్పాను. "మరి ఏముంది సార్ అక్కడ?" అన్నాడు. ఆలోచించి, బిస్కెట్లున్నాయన్నాను. నిరాశపడ్డాడు.

ట్యూషన్ ఏడాదిన్నరలో అయిపోయింది. అమ్మాయి పరీక్ష రాసింది, సీటు రాలేదు, హాయిగా మామూలు స్కూల్లో చేరింది. నేను మాత్రం ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు చెవి మిషను గురించి చెప్పాలి. మౌనం మొదలవగానే ఆవిడ కుడిచెయ్యి చెవి దగ్గరికి వెళ్లేది. మిషను ఆపేసేది. గంటసేపు ఎవరూ మాట్లాడని చోట బ్యాటరీ వృథా ఎందుకని ఆవిడ లెక్క. ఎవరైనా లేచి నిలబడితే మళ్లీ ఆన్ చేసేది. అసలు విషయం ఆ తర్వాత. చెప్పేవాడి మాటలో సరుకుంటే చెయ్యి ఒళ్లోకి దిగేది. లేకపోతే రెండో వాక్యానికే చెయ్యి మళ్లీ పైకి వెళ్లేది. టిక్కు. గుండ్రంగా కూర్చుంటాం కాబట్టి అందరికీ కనిపించేది. ప్రపంచశాంతి గురించి అనర్గళంగా మాట్లాడగల ఒక రిటైర్డ్ ప్రొఫెసర్, ఆ చెయ్యి కదలడం చూసి మధ్యలో కూర్చోవడం నా కళ్లతో చూశాను. నేను ఆరేళ్లలో ఒక్కసారి కూడా లేవలేదు. కారణం అడిగితే వినయం అని చెప్పేవాణ్ణి. ఆ టిక్కు భయం.

రెండోది కుర్చీలు. తొమ్మిదింటికల్లా వచ్చి తాళం తీసి, హీటరు వేసి, కుర్చీలు సర్దడం ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పని. ఎంతమంది వస్తారో ఆవిడకి ముందే తెలుసు. ఎవరికి మోకాలి ఆపరేషన్, ఎవరు కూతురి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్లారు అన్నీ లెక్కే. పదకొండుమంది వస్తారంటే పదమూడు వేసేది. తొమ్మిదిమందికి పదకొండు. ఎప్పుడూ రెండు ఎక్కువ. ఎందుకని ఒకసారి అడిగాను.

"నువ్వు బాత్రూంకి వచ్చిన రోజు నీకు కుర్చీ ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?" అంది.

మరి ఆ రెండో కుర్చీ ఎవరికని అడగలేదు. మోయాల్సి వస్తుందేమోనని.

మోయడం ఎలాగూ తప్పలేదు. పూజారి లేని మతంలో చేరేవాళ్లకి నాదొక హెచ్చరిక. పూజారి లేడంటే, పూజారి చేసే పనులన్నీ మనమే చేయాలని అర్థం. మొదట టీ కాచేవాళ్ల జాబితాలో నా పేరు కనిపించింది. ఎవరు రాశారో తెలియదు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. తర్వాత లైబ్రరీ అనే రెండు బీరువాలు. తర్వాత పైకప్పు గట్టర్లలో ఆకులు తీయడం. తర్వాత శరణార్థుల కోసం దుప్పట్లు పోగుచేసే కమిటీ. ఏ ఒక్కదానికీ నేను ఔనన్నట్టు గుర్తులేదు.

దానికొక పద్ధతి ఉంది. వాళ్ల వ్యవహారాల సమావేశం నెలకొకసారి, ఆరాధన అయ్యాక. ఓట్లుండవు. క్లర్కు అంటే మనవాళ్ల దృష్టిలో చిన్న ఉద్యోగం గానీ, అక్కడ ఆయనే సభ నడిపేది. ఒక విషయం చెప్తాడు, అందరూ కాసేపు మౌనంగా ఆలోచిస్తారు, తేలినదాన్ని అక్కడికక్కడే ఒక తీర్మానంగా రాసి పైకి చదువుతాడు. 'మనమంతా ఏకమేనా?' అని అడుగుతాడు. ఎవరూ కాదనకపోతే అయిపోయినట్టే. ఇది కాదనగలిగేవాళ్లు పెట్టుకున్న పద్ధతి. మా ఇళ్లలో పెద్దవాళ్ల ముఖం మీద కాదనడం ఉండదు. చూద్దామండీ అంటాం, నవ్వుతాం, తల అటూ ఇటూ ఊపుతాం, ఇంటికెళ్లి ఫోన్ ఎత్తం. అవతలివాళ్లే అర్థం చేసుకోవాలి. నేను నవ్వాను, తల ఊపాను. వాళ్లు తీర్మానం రాసుకున్నారు. ఇలా మూడేళ్లలో నేను ఆ మీటింగుకి మూలస్తంభాన్నయ్యాను.

"డాడ్, జస్ట్ సే నో," అంది మా అమ్మాయి, నేను ఆదివారం నిచ్చెన కారుకి కట్టుకుంటుంటే.

"అలా మొహం మీద ఎలా చెప్తాంరా?"

"విత్ యువర్ మౌత్."

ఆవిడ మా ఇంటికి రావడం కూడా అలాంటి పొరపాటే. ఒకరోజు టీ తాగుతూ, మాటవరసకి, "మీరొకసారి మా ఇంటికి భోజనానికి రావాలి," అన్నాను. ఎవరితోనైనా అనే మాట. ఆవిడ కప్పు కింద పెట్టి, సంచీలోంచి చిన్న డైరీ తీసి, పెన్సిలు నాలిక్కి అద్ది, "ఎప్పుడు?" అంది.

శనివారం సరిగ్గా పన్నెండింటికి బెల్లు మోగింది. పన్నెండంటే మేం ఒకటిన్నర అనుకున్నాం. తన చెట్టు నిమ్మకాయలు సంచీ నిండా తెచ్చింది. మా ఆవిడ గుత్తివంకాయ కూర, పులిహోర, గారెలు చేసింది. ఆవిడ అన్నీ తింది. రెండో గారె వేయబోతే, "వద్దు, థాంక్యూ," అంది. మా ఆవిడ నవ్వి వేయబోయింది. "వద్దు." మా ఆవిడ మూడోసారి, మా ఇంటి ఆచారం ప్రకారం, "ఒక్కటే, చిన్నది," అంటూ ప్లేటులో వేసేసింది.

ఆవిడ ఆ గారెను చూసింది. తర్వాత మా ఆవిణ్ణి చూసింది. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నేను వద్దన్నది వినపడలేదా, లేక వినపడినా లెక్కలేదా?"

మా ఆవిడ గారె తీసి తన ప్లేటులో వేసుకుని, పక్కున నవ్వేసింది. ఆవిడ వెళ్లాక గిన్నెలు సర్దుతూ చెప్పింది. "ఎంత హాయిగా ఉందండీ. వద్దంటే వద్దే. మీ అక్కయ్య వచ్చినప్పుడు ఏది నిజం వద్దో, ఏది కాదో కనిపెట్టలేక నాకు తలనొప్పి వస్తుంది." అప్పటి నుంచి నిమ్మకాయలు మా ఇంటికీ, నిమ్మకాయ పచ్చడి ఆవిడింటికీ నా చేతుల మీదుగా నడిచాయి. పచ్చడి ఎలా ఉందని అడిగితే, "చాలా కారం. ఇంకోటి పంపు," అని చెప్పి పంపేది.

మూడేళ్ల కిందటి చలికాలం. ఆవిడకి గుండె సరిగ్గా పనిచేయడం లేదని అందరికీ తెలిసింది. ఆవిడ చెప్పలేదు, మెట్లు చెప్పాయి. ఆ నెల సమావేశంలో క్లర్కు నెమ్మదిగా విషయం ఎత్తాడు. తలుపు బాధ్యత ఇంకెవరికైనా అప్పగించాలి. మిగతా వాళ్లలో అందరికంటే చిన్నవాళ్లకి డెబ్భై రెండు. అందరూ కాసేపు మౌనంగా ఆలోచించారు. ఆలోచించాల్సినంత ఏమీ లేదు, గదిలో నిచ్చెన ఎక్కగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. తెరిచేవాళ్లు లేకపోతే ఒకటి రెండేళ్లలో ఆ మీటింగు మూసేసి, ఉన్న నలుగురూ ఇంకెక్కడో కలిసిపోవాలి. అలా మూతపడ్డ మీటింగుల కుర్చీలే మా బీరువా వెనక రెండు వరసలు పేర్చి ఉన్నాయి.

క్లర్కు రాసి చదివాడు. వచ్చే నెల నుంచి తాళంచెవి నా దగ్గర ఉంటుందని. మనమంతా ఏకమేనా అన్నాడు. తలలు ఊగాయి. నేను నా పద్ధతిలో నేల చూస్తూ నవ్వాను.

ఆవిడ చెయ్యెత్తింది. "ఆయన ఏమీ అనలేదు."

క్లర్కు మర్యాదగా, "ఆయన మౌనాన్ని మనం అంగీకారంగా..." అన్నాడు.

"టీకి తీసుకున్నారు, గట్టర్లకి తీసుకున్నారు. నేను ఊరుకున్నాను. ఇది తలుపు." కార్డిగన్ జేబులోంచి తాళంచెవి తీసింది. దారం అయిపోయిన ఒక చెక్క దారపుండకి కట్టి ఉండేది అది, పారేసుకోకుండా. అది అరచేతిలో పెట్టుకుని నా వైపు తిరిగింది. "నువ్విక్కడ దేనికీ ఔనన్నది నేను వినలేదు. పారిపోకుండా ఉన్నావు, అంతే. మర్యాద కొద్దీ తెరిచే మనిషి, మర్యాద కొద్దీ ఒకరోజు రాడు. ఆ రోజు బయట ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. నీకిది కావాలా, వద్దా?"

పదిమంది ముసలివాళ్లు నన్ను చూస్తున్నారు. వద్దంటే అయిపోయేది. ఆవిడ డైరీ తీసి నా పేరు కొట్టేసి, బిస్కెట్టు తినమనేది. కావాలన్నా అయిపోయేది. నేను ఆ చోటుకి ఎందుకు వెళ్తున్నానో నాకు తెలుసు. ఏ ఆదివారమైనా మానేయొచ్చు కనక వెళ్తున్నాను. తాళంచెవి ఉన్నవాడికి ఆ వీలుండదు. అలాగని వద్దంటే, ఎనభై మూడేళ్ల మనిషి చలిలో ఆ మెట్లెక్కుతుంది.

"ఆలోచించి చెప్తాను," అన్నాను.

మా ఊళ్లో అయితే ఆ మాటతో విషయం చచ్చిపోయేది. ఆవిడ తల ఊపింది. "మంచిది. ఆలోచించు. అప్పటిదాకా నేను తీస్తాను." తాళంచెవి మళ్లీ జేబులోకి వెళ్లింది. క్లర్కు తీర్మానం కొట్టేసి ఇంకోటి రాశాడు. 'తలుపు విషయం: మన ఫ్రెండ్ ఆలోచిస్తున్నారు. వేచి ఉంటాం.' వాళ్లు ఒకళ్లనొకళ్లు ఫ్రెండ్ అనుకుంటారు. అందరూ ఏకమయ్యారు. నేను కూడా.

తర్వాత ఆవిడ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. మనవాళ్లయితే నాలుగు మాటలనేవాళ్లు, ఎత్తిపొడిచేవాళ్లు, మా ఆవిడతో చెప్పించేవాళ్లు. అప్పుడు నాకూ విసుక్కోవడానికి ఒక వీలుండేది. ఆవిడ నిజంగానే నేను ఆలోచిస్తున్నాననుకుంది. ప్రతినెలా తీర్మానాల పుస్తకంలో అదే వాక్యం. ఆలోచిస్తున్నారు. వేచి ఉంటాం. నేనూ చదువుకునేవాణ్ణి, ఇంకెవరి గురించో అన్నట్టు.

పోయిన ఏడాది ఆగస్టు చలిలో ఒక ఆదివారం, పెట్రోలు బంకు దగ్గర పని తొందరగా అయిపోయి, తొమ్మిదికి ముందే ఆ సందులోకి చేరాను. కారు ఆపి, దిగబోతూ చూశాను. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆరు మెట్లలో మూడోదాని మీద. ఒక చెయ్యి ఇనుప కమ్మీ మీద, ఇంకో చేతిలో తాళంచెవి కట్టిన దారపుండ. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. సంచీ పక్కన పడి ఉంది, అందులోంచి ఒక నిమ్మకాయ దొర్లి కింది మెట్టు మీదికి వచ్చింది. ఆవిడ దాన్ని చూస్తోంది, అందుకోవడం లేదు.

నేను కారు దిగలేదు. చూస్తే ఇబ్బంది పడుతుందని అనుకున్నాను. ఆ మాట ఆరోజంతా నాకు నేను చెప్పుకున్నాను, మా ఆవిడకి మాత్రం చెప్పలేదు. నాలుగు నిమిషాలు పట్టింది. డ్యాష్‌బోర్డు మీద గడియారం ఉంది కాబట్టి తెలుసు. తర్వాత ఆవిడ కమ్మీ పట్టుకుని లేచింది, మిగతా మూడూ ఎక్కింది, తాళం తీసింది. ఇంకో పది నిమిషాలు ఆగి, అప్పుడే వచ్చినవాడిలా లోపలికి వెళ్లాను. నిమ్మకాయ ఇంకా ఆ మెట్టు మీదే ఉంది. తీసుకెళ్లి ఇచ్చాను. పన్నెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆవిడ చెయ్యి నా చేతికి మంచుముక్కలా తగిలింది.

"తొందరగా వచ్చావు," అంది వాచీ చూసుకుని.

"ట్రాఫిక్ లేదు," అన్నాను.

ఆవిడ నా కారున్న వైపు కిటికీలోంచి ఒకసారి చూసింది. ఆ ఆదివారం మౌనంలో మొదటిసారి ఆవిడ చెవి దగ్గరికి చెయ్యి వెళ్లలేదు. మిషను ఆన్‌లోనే ఉంచి కూర్చుంది. ఎవరైనా ఏదైనా చెప్తారేమోనన్నట్టు. ఎవరూ లేవలేదు.

మొన్న ఆదివారం ఆవిడ సంస్మరణ. అది కూడా మౌనమే. గది నిండిపోయింది. వీధిలోవాళ్లు, లైబ్రరీవాళ్లు, ఎప్పుడో ఆవిడ దుప్పటి ఇచ్చిన అఫ్గాన్ కుటుంబం, నలుగురు మేనల్లుళ్లు. బీరువా వెనకున్న కుర్చీలు కూడా తీశారు. ఎక్కువైన రెండు కుర్చీలు లేకపోవడం ఆ గదిలో నేను మొదటిసారి చూశాను. మా ఆవిడ నా పక్కన పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఒడిలో పచ్చడి సీసా ఉంది, ఎవరికివ్వాలో తెలియక. ఒకళ్ల తర్వాత ఒకళ్లు లేచి రెండు మూడు వాక్యాలు చెప్పి కూర్చున్నారు. ప్రొఫెసరు లేచి, "ఆవిడ నాకు క్లుప్తత నేర్పింది," అని వెంటనే కూర్చున్నాడు. జనం నవ్వారు.

నాకూ మాట పుట్టింది. ఆరేళ్లలో మొదటిసారి. అలాంటప్పుడు కనిపిస్తాయని వాళ్లు చెప్పే గుర్తులన్నీ నాలో కనిపించాయి. చెప్పాల్సింది నాలుగు నిమిషాల గురించి. లేవబోతూ, అలవాటుగా, ఆవిడ చెయ్యి ఎటు కదులుతుందోనని ఆవిడ కుర్చీవైపు చూశాను. అక్కడ ఒక మేనల్లుడు కూర్చుని ఉన్నాడు. ఈలోపు క్లర్కు పక్కవాళ్లకి చెయ్యి కలిపాడు. అయిపోయింది.

టీ నేనే కాచాను. జాబితా ప్రకారం ఆ వారం నా వంతు. కప్పులు కడిగి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి, ఆవిడ కొడుకు తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. టైల్స్ పనిచేస్తాడు, న్యూకాజిల్‌లో ఉంటాడు, ఈ మౌనాలూ గట్రా తనకి పడవని ఆవిడే ఒకసారి చెప్పింది. కొత్తగా కొన్న చొక్కా మడతలు ఇంకా పోలేదు. ఆరోజు తలుపు తీసింది ఆయనే. చేతిలో దారపుండ ఉంది.

"ఆ ఇండియన్ బ్లోక్ నువ్వేనా?" అన్నాడు.

బ్లోక్ అంటే ఇక్కడ మనిషి అని. నేనే అన్నాను. ఆ జనంలో ఇండియన్ మగవాడు ఇంకెవరూ లేరు కాబట్టి తప్పించుకునే వీల్లేదు.

"ప్రతి ఆదివారం పొద్దున్నే మమ్‌కి ఫోన్ చేసేవాణ్ణి. ఆ తాళంచెవి ఎవరికైనా ఇచ్చి పడుకోమనేవాణ్ణి. 'తొందరపెట్టకు, ఒకాయన ఆలోచిస్తున్నాడు' అనేది. పోయిన వారం ఆస్పత్రిలో కూడా అదే మాట. ఆలోచిస్తున్నాడు, అడిగితేనే ఇవ్వు, అడక్కపోతే ఇవ్వకు అని."

దారపుండని వేళ్ల మధ్య తిప్పాడు. వెనక్కి తిరిగి ఆ తలుపుని కింద నుంచి పైదాకా చూశాడు, పనివాడు కొలత చూసుకున్నట్టు. ఆకుపచ్చ రంగు అడుగున పెచ్చులూడిపోయింది. తర్వాత నన్ను చూశాడు.

"మూడేళ్లు ఆలోచించేంత పెద్ద తలుపేం కాదు కదా, మేట్, ఇది."